సంతలో కొట్టని తప్పెట

వేలంపాట పది గంటలకని కాగితంలో ఉంది. తొమ్మిదిన్నరకే మత్తయి చొక్కా వీపుకు అతుక్కుపోయింది. 1978 ఏప్రిల్ మొదటి శుక్రవారం. ఎండ ఎండే, కాదనలేం. కానీ ఆళ్లగడ్డ సంతలో కుండలమ్మేవాళ్లు, మిరపకాయలమ్మేవాళ్లు కూడా అదే ఎండలో కూచుని నవ్వుకుంటున్నారు. మత్తయికి పోసింది భయం చెమట.

అతని భుజాన తప్పెట వేలాడుతోంది. ఎదురుగా వేపచెట్టుకు తెల్లెద్దు కట్టేసి ఉంది. నుదుట నల్లమచ్చ, ఎడమ చెవికి చిన్న గాటు. మూడు వారాలు బందెలదొడ్డిలో ఎండుగడ్డి నమిలి పక్కటెముకలు తేలినా, మూపురం చూస్తే మంచి జాతి గొడ్డని పిల్లోడైనా చెప్తాడు.

తప్పిపోయిన గొడ్డు పరాయి చేలో పడి మేస్తే పట్టి బందెలదొడ్డికి తోలతారు కదా. ఆ తర్వాత దానికో పద్ధతుంది. వారం రోజులు చూడాలి. ఎవరూ రాకపోతే స్టేషను గోడకు నోటీసు అంటించాలి. గొడ్డు దొరికిన ఊళ్లోనూ, దగ్గరి సంతలోనూ తప్పెట కొట్టి చాటాలి. మళ్లీ వారం చూడాలి. అప్పటికీ సొంతదారు రాకపోతేనే నలుగురి ముందు పాట పెట్టి అమ్మాలి. దొడ్డికాపరి గానీ, వాడి తరఫున ఇంకొకడు గానీ ఆ పాట పాడకూడదు. గొడ్డుకు నోరు లేదని తెల్లదొరల కాలంలోనే ఎవరో కూచుని ఆలోచించి రాసిన రూలు. రూలు బంగారం లాంటిదే. కాకపోతే దానికి కాళ్లు లేవు. గుండ్లమిట్ట దొడ్డి నుంచి ఈ సంతకు నాలుగు మైళ్లు నడిచి రావలసిన కాళ్లు మత్తయివి.

ఆ కాళ్లు ఏనాడూ రాలేదు.

గుండ్లమిట్ట దొడ్డికాపరి శ్రీనివాసులుది పదేళ్లుగా ఒకటే మాట. "ఏరా మత్తయీ, సంతలో కొట్టకపోతే కొంపలు మునుగుతాయా? ముందు వేలిముద్ర ఎయ్యి. తీరికున్నప్పుడు కొట్టుకుందువులే." మత్తయి వేలు సిరాలో ముంచి ఖాళీ కాగితం మీద ఒత్తేవాడు. ఆ పైన ఏం రాసుకుంటాడో శ్రీనివాసులుకే తెలుసు. ఆ తీరిక మాత్రం పదేళ్లలో ఒక్కసారీ దొరకలేదు. అలవాటైన తప్పు తప్పులా కనిపించదు. ఇంట్లో పిల్లిలా పక్కనే పడుకుని ఉంటుంది, కాలు పడితేనే అరుస్తుంది. ఆ తప్పెట పేరు మీదే మత్తయికి అరెకరం మాన్యం ఉంది. దాని మీదే ఇల్లు నడుస్తోంది. శ్రీనివాసులుతో పేచీ పెట్టుకుని ఆ అరెకరం పోగొట్టుకునేంత మొనగాడు కాడతను.

ఇన్నాళ్లూ పాటలు దొడ్డి ముందరే జరిగేవి. కాపరి, వాడి మనుషులు ముగ్గురు, మత్తయి. అంతే. ఈసారి నంద్యాల నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చిన హెడ్డు కానిస్టేబులు రామయ్య అడ్డం తిరిగాడు. "నలుగురూ తిరిగే వీధిలో పెట్టాలని రూలుంటే, మీరు దొడ్డెనక పెడతారేందప్పా? సంతకు తోలుకురాండి ఎద్దును," అన్నాడు. రామయ్య నవ్వగా చూసినవాడు లేడు. అతను రూలు చదివే తీరు చూస్తే పెళ్లి మంత్రాలు కూడా అలాగే చదివించుకున్నాడేమో అనిపిస్తుంది.

సంతంటే వందల కళ్లు. అందులో ఏ ఒక్కడైనా, ఈ ఎద్దు సంగతి ఈడ ఎప్పుడు చాటినార్రా అంటే? పది బారల దూరంలో అతని పెళ్లాం సువార్తమ్మ చింతపండు గంప ముందర కూచుని తూకం వేస్తోంది. మొగుడి ముఖం చూసి, ఏందీ అన్నట్టు గడ్డం ఎత్తింది. మత్తయి చూపు తిప్పుకున్నాడు.

శ్రీనివాసులు మాత్రం చల్లగా ఉన్నాడు. ఈ ఎద్దు పొడుస్తుందని, ఇద్దరిని కుమ్మి ఆస్పత్రి పాలు చేసిందని పొద్దుటి నుంచే సంతంతా పుకారు నాటి పెట్టాడు. ఎద్దు ఎవరినీ కుమ్మలేదు. ఇంకెవరూ ఎక్కువ పాడకుండా తన బావమరిది ఓబులేసుకు అగ్గువకు దక్కాలని ఆ ఏర్పాటు. ఆ చుట్టరికం రామయ్యకు తెలియదు. తెలిసినవాళ్లకు నోరు లేదు.

సరిగ్గా పదికి రామయ్య కుర్చీ మీదికెక్కి షరతులు చదివాడు. పాట మొదలయింది. ఓబులేసు నూటయాభై అన్నాడు. ఎవడో ముసలాయన నూటడెబ్బై అని, శ్రీనివాసులు చూపు తగిలి తువ్వాలు దులుపుకుని వెనక్కి జరిగాడు. ఓబులేసు రెండొందలు. ఇంకొకడు రెండొందల పది. ఓబులేసు రెండొందల అరవై. తొమ్మిది వందలు చేసే గొడ్డది.

"రెండొందల అరవై ఒకటోసారి!"

మత్తయి తప్పెట మీద ఒక దెబ్బ వేశాడు. ప్రతి పిలుపుకూ ఒక దెబ్బ. అది కూడా అతని పనే.

"రెండొందల అరవై రెండోసారి!"

ఇంకో దెబ్బ.

"రెండొందల అరవై మూడోసారి!"

మూడో దెబ్బ పడింది. శ్రీనివాసులు ఊపిరి వదిలాడు. మత్తయి కూడా వదిలాడు. గండం గడిచింది, ఏసయ్య తండ్రీ అనుకున్నాడు. ఇలాంటి వాటికి కూడా దేవుణ్ణి పిలుస్తాడు మనిషి.

అప్పుడు జనాన్ని తోసుకుంటూ ఒకామె వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. చేతిలో చుట్టిన కొత్త పగ్గం. ఎవరినీ ఏమీ అడగలేదు. నేరుగా ఎద్దు దగ్గరికి పోయి దాని నుదుటి మచ్చ మీద చెయ్యి పెట్టింది. పొడుస్తుందన్న ఎద్దు తల వంచి ఆమె కొంగు మూతితో తడుముకుంది. జనం గుసగుసలాడారు.

"ఇది మాది సార్," అంది. "నా పేరు శివమ్మ. మాది నంద్యాల. బండెద్దు ఒకటి సచ్చిపోతే, నా మేకలు ఆరూ అమ్మి నంద్యాల సంతలో దీన్ని కొంటిమి. ఇదిగో రసీదు. కొన్న నాలుగో దినమే తాడు తెంచుకుని పాయె. మూడు వారాల నుంచి ఎతుకుతాండాం."

కొత్తగా కొన్న ఎద్దు పాత దొడ్డి వెతుక్కుంటూ పోవడం ఎరిగిన సంగతే. రామయ్య రసీదు చదివాడు. మచ్చ, చెవి గాటు, అన్నీ సరిపోయాయి. తల అడ్డంగా ఊపాడు.

"నీదేనమ్మా, కాదనను. ఒక్క నిమిషం ముందొచ్చింటే దొడ్డి రుసుం కట్టించుకుని ఇచ్చేసేవాణ్ణి. మూడోసారి పిలిచేసినా. పాట అయిపోయింది. ఖర్చులు పోను మిగిలిన దుడ్లు నీకొస్తాయి."

"దుడ్లు నాకెందుకు సార్? మాది నాపరాళ్లు తోలే బండి. ఒంటెద్దుతో బండి కదుల్తాదా? కాలవ కాంట్రాక్టరు ఈ నెలాఖరు దాకా చూస్తానన్నాడు. ఆపైన ఇంకొకరి బండి పెట్టుకుంటాడు. మా బతుకు ఈ ఎద్దు మెడ మీదుంది సార్."

"నోటీసిచ్చినారు. చాటించినారు. టైమిచ్చినారు. నేనేం చేసేది?" రామయ్య మత్తయి వైపు తిరిగాడు. "ఏమప్పా, సంతలో చాటినావు గదా?"

మత్తయి శ్రీనివాసులును చూశాడు. శ్రీనివాసులు కనురెప్ప కూడా కదపలేదు.

"చాటినా సార్," అన్నాడు మత్తయి.

అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందంటే, అతనికే ఆశ్చర్యమేసింది.

శివమ్మ మొండిగా నిలబడింది. "ఏ దినం చాటినారు సార్? కాగితంలో ఉంటాది గదా, చదవండి."

రామయ్యకు కాగితం చదవమంటే కాదనడం చేతకాదు. విప్పి గట్టిగా చదివాడు. "మార్చి ఇరవై నాలుగో తేదీ శుక్రవారం, మధ్యాహ్నం పన్నెండు గంటలకు, సంత నిండుగా ఉన్న సమయమున, ఆళ్లగడ్డ సంతలో మత్తయి అనువాడు తప్పెట కొట్టి నలుగురికీ వినబడునట్లు చాటించడమైనది. మత్తయి వేలిముద్ర."

శివమ్మ గొంతు లేచింది. "ఆ దినం నేను ఈడనే ఉంటి సార్! ఊళ్లు మా ఇంటాయన, సంతలు నేను అని పంచుకున్న్యాం. పొద్దున బస్సుకొచ్చి, మాపటేల బస్సు దాకా ప్రతి అంగడి ముందరా నిలబడి అడిగినా. తెల్లెద్దును చూసినారా అని అడిగి అడిగి గొంతెండిపాయె. తప్పెట శబ్దమే ల్యా."

"సంత గోలలో ఆడమనిషికి వినపడిందో ల్యాదో," అన్నాడు శ్రీనివాసులు తేలిగ్గా. "పన్నెండు గంటలకు మావాడు కొట్టినాడు. నేనే పంపితి."

ఈ మాటలేవీ మత్తయి చెవిన పడలేదు. ఇరవై నాలుగో తేదీ శుక్రవారం దగ్గరే అతని బుర్ర ఆగిపోయింది.

అది గుడ్‌ఫ్రైడే.

సంత శుక్రవారం కాబట్టి శ్రీనివాసులు కాగితంలో శుక్రవారం వేశాడు. జనం నిండుగా ఉండేది మధ్యాహ్నం కాబట్టి పన్నెండు వేశాడు. అది ఏ శుక్రవారమో చూసుకునే పని అతనికి లేదు, అతని పండగ కాదు. మత్తయి తాత కాలం నుంచి ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. గురువారం పొద్దుగూకగానే తప్పెటను గోడ వైపు తిప్పి తగిలిస్తారు. ఇక దాన్ని ఎవరూ ముట్టరు. చావొచ్చినా అంతే. ఈస్టరు తెల్లారుజామున దాన్ని దించి, మంట మీద కాచి, పల్లె సందులన్నీ తిరుగుతూ లేపేది మళ్లీ ఆ ఇంటివాడే. ఆ శుక్రవారం పన్నెండు నుంచి మూడు దాకా సిలువ ఏడు మాటలు వింటూ మత్తయి చర్చిలో చాప మీద కూచుని ఉన్నాడు. పల్లె పల్లెంతా చూసింది. పైగా ప్రభుదాసు అయ్యగారు ప్రసంగంలో, "మన మత్తయి తప్పెట కూడా ఈ మూడు గంటలూ నోరు మూసుకుంది," అన్నారు. అప్పుడు ఛాతీ ఉబ్బించుకున్నాడు కూడా.

ఇప్పుడేమో ఆ మూడు గంటల్లోనే సంతలో నిలబడి తప్పెట కొట్టానని తన వేలే చెప్తోంది.

రామయ్య కుర్చీ దిగి అతని ముందుకొచ్చాడు. "మత్తయీ, నా మొకం చూసి చెప్పు. ఆ దినం పన్నెండు గంటలకు ఈడ కొట్టినావా, ల్యాదా? కొట్టింటే ఎద్దు ఓబులేసుది. కొట్టకపోతే పాట చెల్లదు, ఎద్దు ఈయమ్మది. ఇంక మాట మార్చేదానికి ల్యాదు."

శ్రీనివాసులు పక్కకు వచ్చి, నవ్వు ముఖంతో, గొంతు తగ్గించి అన్నాడు. "చెప్పరా, భయమెందుకు? వేలిముద్ర నీదే గదా. దొంగ వేలిముద్రంటే జైలు. నీ మాన్యం సంగతి నీకే తెలుసు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. మత్తయి సువార్తమ్మ వైపు చూశాడు. ఆమె చేతిలో తక్కెడ అలాగే ఆగిపోయి ఉంది. తారీఖు ఆమె కూడా విన్నది. అవుననమనీ అనలేదు, కాదనమనీ అనలేదు. ఊరికే చూస్తోంది. ఇన్నేళ్ల కాపురంలో ఆ చూపుకు మత్తయి భయపడినంతగా ఏ పోలీసుకూ భయపడలేదు.

"కొట్టలేదు సార్," అన్నాడు.

మళ్లీ అన్నాడు. "కొట్టలేదు సార్. ఆ దినం గుడ్‌ఫ్రైడే. ఆ దినం మా ఇంట్లో తప్పెట ముట్టం. నేను చర్చిలో ఉంటి. ఆ దినమే కాదు, ఈ సంతలో నేను ఎన్నడూ కొట్టింది ల్యా. ఖాళీ కాగితం మీద వేలేస్తి."

శ్రీనివాసులు ముఖం ఒక్కసారిగా పాలిపోయింది. వెంటనే ఎర్రబడింది. "చూసినారా సార్, ఇప్పుడే చాటినా అనె, ఇప్పుడే ల్యా అంటాండాడు. ఈయమ్మ ఎంతిచ్చిందో! వీని మాట పట్టుకుని పాట ఆపుతారా?"

అది నిజమే. రామయ్య కూడా అదే పట్టుకున్నాడు. "రెండు మాటలు చెప్తివి. ఏది నమ్మాల నేను? సాక్ష్యం ఎవరు?"

సంతలో పల్లెవాళ్లు పది మందికి పైనే ఉన్నారు. ఆ శుక్రవారం మత్తయి పక్కనే కూచున్నవాళ్లు, అతని తువ్వాలుతో చెమట తుడుచుకున్నవాళ్లు. ఒకడు వంకాయలు ఏరుతున్నాడు. ఇంకొకడు చెప్పు వారు సరిచేసుకుంటున్నాడు. శ్రీనివాసులు అన్నదమ్ముల చేలల్లోనే వాళ్లందరికీ కూలి. వాళ్లను అని ఏం లాభం? పది నిమిషాల కిందట మత్తయి కూడా అదే వరసలో ఉన్నాడు.

సువార్తమ్మ తక్కెడ కింద పెట్టి లేచింది. "నేను సాక్షి సార్. గురువారం మాపటేల తప్పెటను గోడకు తిప్పింది నేనే."

"పెండ్లాం సాక్ష్యం పెండ్లాం సాక్ష్యమే," అన్నాడు శ్రీనివాసులు. ఓబులేసు అప్పుడే ఎద్దు పగ్గానికి చెయ్యి వేశాడు. శివమ్మ వదల్లేదు. ఒక పగ్గం, రెండు చేతులు, మధ్యలో ఎద్దు. ఎవరు గట్టిగా లాగినా గొడవ చెయ్యి దాటేలా ఉంది. రామయ్య లాఠీ చంక నుంచి చేతిలోకి వచ్చింది.

"సార్," అని ఆకుకూరల అంగడి దగ్గరి నుంచి ఒక గొంతు వినిపించింది. సంచీ భుజానికేసుకుని ఒక ముసలామె వస్తోంది. నంద్యాల మిషను బడిలో ముప్పై ఏళ్లు చెప్పి, రిటైరై గుండ్లమిట్టలో ఉంటున్న లూదియా టీచరు. "పన్నెండు నుంచి మూడు దాకా నా కండ్ల ముందరే ఉన్నాడు మత్తయి. నాలుగో మాట దగ్గర కునికిపాట్లు పడినాడు. నేనే పిల్లోళ్లతో లేపించినా. కావాలంటే రాసిస్తా, సంతకం పెడతా. నాకు వేలిముద్ర అక్కర్లేదు."

ఎక్కడో ఒకడు కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వుతో సంతకు ధైర్యం వచ్చింది. "ఓబులేసు కాపరికి బావమరిది గదన్నా, అది కూడా చెప్పండి సారుకు!" అని ఎవరో వెనక నుంచి అరిచారు. అరిచినవాడు మాత్రం ముందుకు రాలేదు.

రామయ్య ఓబులేసును చూశాడు. తర్వాత శ్రీనివాసులును. "అవునా?"

శ్రీనివాసులు తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. ఓబులేసు పగ్గం వదిలేశాడు.

"పాట రద్దు," అన్నాడు రామయ్య. "మత్తయీ, ఇట్లా రా. నువ్వు చెప్పింది రాస్తా. పైకి పోతాది. నీ మీద ఏం చేస్తారో నా చేతిలో ల్యా. మాన్యం మీద ఆశ పెట్టుకోవాకు."

కుర్చీ చేయి మీద కాగితం పెట్టి రాశాడు. సిరా డబ్బీ తెరిచి ముందుకు జరిపాడు. మత్తయి అలవాటు కొద్దీ వేలు చాచాడు. చాచి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

"ముందు చదవండి సార్," అన్నాడు.

రామయ్య తలెత్తి చూసి, చదివాడు. మొదటి నుంచి చివరి దాకా, పెళ్లి మంత్రాల మాదిరే. మత్తయి ఒక్కొక్క మాటకూ తలూపుతూ విన్నాడు. విన్నాక వేలు ముంచి ఒత్తాడు. దాంతో మాన్యం పోయినట్టే. అరెకరం అది. వాళ్ల నాయన పాతిన రేగుచెట్టు దాని గట్టు మీదే ఉంది.

"ఇప్పుడు చాటు," అన్నాడు రామయ్య. "చాటింపు జరగలేదు గాబట్టి ఇప్పుడు జరగాల. జరిగినాకనే ఆయమ్మ అడగాల. రూలంటే రూలు."

మత్తయి తప్పెట భుజం మీంచి దించి నడుముకు బిగించాడు. పదేళ్లుగా కొట్టినట్టు రాసుకున్న చోట మొదటిసారి కొట్టాడు. "ఇనండహో! తెల్లెద్దు, నుదుట నల్లమచ్చ, ఎడమ చెవికి గాటు! గుండ్లమిట్ట బందెలదొడ్డిలో ఉండాది! ఎవరిదైనా అయితే వచ్చి చెప్పుకోవాలహో!" కుండల వరస, మిరపకాయల వరస, పశువుల వరస అన్నీ తిరిగి వచ్చాడు. సంత మొత్తం నోరు మూసుకుని విన్నది. శివమ్మ ఎద్దు మెడ మీద చెయ్యి వేసుకుని ఓపిగ్గా నిలబడి, ఆఖరి దెబ్బ పడేదాకా ఆగింది.

"మాదేనన్నా," అంది.

రుసుం కట్టింది. పాత పగ్గం విప్పి కొత్త పగ్గం కట్టింది. మత్తయి దగ్గరికి పోయాడు. "తప్పయిపోయిందమ్మా," అన్నాడు.

శివమ్మ అతన్ని నిదానంగా చూసింది. కోపం కాదు, అంతకన్నా అలసట. "ఆ పొద్దు ఒక్కసారి కొట్టింటే నేను అప్పుడే తోలుకపోయేదాన్ని. మా ఇంటాయన సున్నిపెంట దాకా ఎతికొచ్చినాడు. అరికాళ్లు పుండ్లు. మళ్లా మూడు దినాల కిందట బయలుదేరి, ఈ శిరివెళ్ల దిక్కు ఊరూరా తిరుగుతాండాడు. ఏ ఊళ్లో ఉన్నాడో, తిన్నాడో ల్యాదో. ఎద్దు దొరికిందని ఆయనకు యాడ చాటింపేస్తావన్నా?"

సువార్తమ్మ చింతపండు గంప లూదియా టీచరుకు అప్పజెప్పి వచ్చింది. కొంగులో కట్టుకొచ్చిన జొన్నరొట్టెలు రెండు అతని చేతిలో పెట్టింది. "నంద్యాల దాకా ఎద్దును నడిపించుకుని పోవాల గదా ఆయమ్మ. దోవలో ఊళ్లున్నాయి. నీకు తప్పెటుంది. పో," అంది.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి ముగ్గురూ నంద్యాల రోడ్డెక్కారు. ముందు ఎద్దు, పక్కన శివమ్మ, వెనక మత్తయి. మొదటి ఊరు రాగానే అతను శివమ్మను వాళ్ల ఇంటాయన పేరడిగి, రచ్చబండ దగ్గర ఆగాడు. తప్పెట ఎండకు బాగా కాగి ఉంది.

"ఇనండహో! నంద్యాల బండి రంగయ్యా, ఎద్దు దొరికింది! ఇంక ఎతకబాకు, ఇంటికి పో అప్పా!"

ఆ ఊళ్లో రంగయ్య లేడు. రెండో ఊళ్లోనూ లేడు. మూడో ఊరి మొదట్లో మత్తయి మళ్లీ తప్పెట ఎత్తుకున్నాడు. ఆ చాటింపుకు వేలిముద్ర అడిగేవాళ్లెవరూ లేరు.